సీమకుక్కకి తెలుగు రాదు

ఏప్రిల్ 12, 1942, ఆదివారం

విశాఖపట్నంలో బాంబులు పడితే నా ఇంట్లో కుక్క పడింది.

నా బావమరిది ధర్మారావు అక్కడ ఓడల కంపెనీలో గుమస్తా. ఊరు ఊరంతా మూటాముల్లే సర్దుకుని పారిపోతుంటే వాడూ పెళ్ళాం పిల్లలతో బరంపురంలో అత్తవారింటికి రైలెక్కాడు. దారిలో ఆమదాలవలస స్టేషనుకి వచ్చి కలవమని నాకు కబురు. కష్టకాలం కదా, ఏ నగల మూటో దాచమంటాడు కాబోలు, శ్రీకాకుళం బజార్లో నా ఇనప్పెట్టె కన్నా గట్టిది ఎవరికుంది అనుకుని బండి కట్టించుకుని వెళ్ళాను. వాడు కిటికీలోంచి ఓ బుట్ట అందించాడు. మూత తీస్తే పత్తి ఉండ. పత్తి ఉండకి రెండు నల్లటి కళ్ళు.

కంపెనీ దొరసాని సీమకి వెళ్ళిపోతూ దీన్ని వీడి చేతుల్లో పెట్టిందట. పేరు పాలీ. ఇంకా పాలపళ్ళు ఊడలేదు. పెరిగినా పిల్లి కన్నా పెద్దదవదట, ఆ జాతే అంత. ఇంజను బుస్సుమంటోంది, ప్లాట్‌ఫారం నిండా జనం గోల. బండి కదులుతుంటే ధర్మారావు మెడ బయటికి సాచి అరిచి మరీ చెప్పాడు, దీనికి తెలుగు రాదని.

అది వాడు చెప్పాలా? దొరసాని ఒళ్ళో పెరిగిన కుక్కకి తెలుగెక్కణ్ణుంచి వస్తుంది? నేను థర్డ్ ఫారం దాకా ఇంగ్లీషు చదివిన వాణ్ణి. ఈ బజారు మొత్తమ్మీద సీమకుక్కని పెంచగల మొనగాడు ఎవడైనా ఉంటే అది నేనే. ధర్మారావు ఆలోచించే ఇచ్చాడు.

ఇంటికొచ్చాక నా భార్య కన్యకాపరమేశ్వరి బుట్టలోకి తొంగి చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో, కుక్కండీ! ఇంక మడేటి, పూజేటి?" అంది. ఇది వీధి అరుగు దాటి లోపలికి రాదని మాటిచ్చాను. నా మాట మాటే.

మాది ఇత్తడి సామాను కొట్టు. వెనక పెరట్లో మా తాతల నాటి నుంచీ కంచరి కొలిమి. పొద్దున్న మొదలుపెడితే పొద్దుగూకేదాకా సుత్తి దెబ్బలే. బేరానికి వచ్చినవాళ్ళు చెవులు మూసుకుంటారు. పాలీ మాత్రం ఆ మోతలో చెక్కు చెదరకుండా నిద్రపోయింది. అప్పుడే అనుకున్నాను, ఇది నా కొట్టుకి తగిన కుక్కని.

ఏప్రిల్ 14

దీని తీరు రాసి పెట్టుకోవాలి. మనిషి కంటికి కనబడకపోతే చాలు, వణుకుతూ ఊళ అందుకుంటుంది. ఎదురుగా ఎవరైనా కూర్చుంటేనే పాలు తాగుతుంది. వాళ్ళు లేచి వెళ్తే గిన్నె వదిలేసి వాళ్ళ కాళ్ళకి చుట్టుకుంటుంది. నిద్రలో ముట్టుకుంటే గిర్రున తిరిగి పళ్ళు చూపిస్తుంది. మాటిమాటికీ తల విదిలిస్తుంది. నా కొత్త చెప్పుల జతలో ఒకటి నమిలేసింది.

"కమాన్ పాలీ" అంటే రాదు. వెనక నిలబడి గొంతు చించుకుని అరిచాను. ఎదురింటి నరసింగరావు బయటికొచ్చాడు. మునిసిపాలిటీలో పన్నుల గుమస్తా. ఊళ్ళో ఏం జరిగినా తన సంతకం లేకుండా జరగకూడదనుకునే రకం. "ఏటి గోవిందరావూ, దొరలతో తగువెట్టుకున్నావా?" అని నవ్వాడు.

ఆలోచిస్తే కారణం దొరికింది. నాది పుస్తకాల ఇంగ్లీషు. దానిది లండన్ ఇంగ్లీషు. యాస కుదరాలి.

నూతి దగ్గర నీళ్ళు తోడుకుంటున్న పరమేశ్వరి అక్కణ్ణుంచే కేకేసింది. తనూ కనిపెట్టిందట, దానికి తెలుగు రాదని. "అదే కదా నేను మొదట్నుంచీ చెప్తున్నది!" అన్నాను. చేద పట్టుకుని కాసేపు నా వంక అదోలా చూసింది. ఆడవాళ్ళకి ఏదైనా వాళ్ళే ముందు కనిపెట్టాలని ఉంటుంది.

ఏప్రిల్ 15

రెండో చెప్పు కూడా నమిలింది. ఒకందుకు మంచిదే, జత కుదిరింది.

ఏప్రిల్ 17

బుడితి నుంచి కంచరి జగన్నాధం కొత్త పూజగంటలు తెచ్చాడు. ఇప్పటికి ఇది మూడో విడత. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. ఒక్కటీ మోగదు. ఏదో నీళ్ళలో మునిగిన గంట ఊపినట్టుంది.

"జగన్నాధం, ఇవి మూగగంటలు" అన్నాను.

"ఏటి సావుకారు బాబూ అలగంతారు? గణగణలాడతన్నాది కదా!" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావురా అన్నాడట. అలా ఉంది వీడితో. నలభై ఏళ్ళుగా లోహాన్ని వేలితో మీటి, చెవితో తూచి కొంటున్న మనిషిని నేను. బిందెలు బాగానే మోగుతున్నాయి, గంగాళాలు మోగుతున్నాయి. గంటలకే ఎందుకు గొంతు పోయింది? నాకు తెలుసు. కంచులో కలిపే తగరం మలయా నుంచి వచ్చేది. మొన్న మాఘంలో మలయా జపానువాడి చేతికి పోయింది. మలయా పోయింది, తగరం పోయింది, గంటల గొంతు పోయింది. వీడు మరేదో కలిపేసి నా నెత్తిన రుద్దుతున్నాడు. గంటలన్నీ తిప్పి పంపేశాను, నమూనాకి ఒక్కటి మాత్రం ఉంచి. వీడి దగ్గర కొనకండని బజారులో నలుగురికీ చెప్పాను. వ్యాపారంలో మొహమాటం పనికిరాదు.

జగన్నాధం మూట కట్టుకుని వెళ్ళాడు. వాళ్ళ నాన్న మా నాన్నకి సరుకిచ్చేవాడు. అయితే ఏం?

ఏప్రిల్ 19

మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పాలీ వచ్చి నా పాదానికి వీపు ఆనించి పడుకుంది. నేను కాలు దాని వైపు పెట్టలేదు. కాలు ముందు నుంచీ అక్కడే ఉంది.

ఏప్రిల్ 20

పరమేశ్వరిది మరో చాదస్తం. మా అరుగు రాతిది కాదు, కాలవ మీద పరిచిన టేకు పలకలది. ఆవిడ పాలీ దగ్గరికి వెళ్ళే ముందు పలక మీద కాలితో దబదబా కొడుతుంది. అది తిరిగి చూశాక అప్పుడు దగ్గరికెళ్ళి, చెయ్యి చాచి, వాసన చూడనిచ్చి, అప్పుడు తల నిమురుతుంది. ఇదేం తంతని అడిగితే "మనం వస్తన్నట్టు దానికి తెలియాల కదండీ" అంది. మడి మాట మాత్రం మరిచిపోయింది. పాలమ్మట! పాలీ కాస్తా పాలమ్మ అయింది.

ఆవిడ నడకే అంత. నా దగ్గరికి వచ్చినా పలకలు అదిరిపోయేటట్టు అడుగులేస్తూ వస్తుంది. వచ్చాక నా ముందు నిటారుగా నిలబడి, మొహంలో మొహం పెట్టి, అప్పుడు మాట్లాడుతుంది. మొగుడితో అలా మాట్లాడే ఆడది ఈ వీధిలో ఇంకొకతె లేదు. మా మేనత్త బుల్లమ్మ బతికున్నన్నాళ్ళూ దీన్నే సాధించింది. "సిగ్గు లేదే నీకు, మగాడి మొహంలోకి సూసి మాట్లాడతావు!" అని పదిమందిలోనూ అనేది. పరమేశ్వరి తల వంచుకుని వినేది. మర్నాడు మళ్ళీ మామూలే. మొండిఘటం. నేను పెద్దమనసుతో ఊరుకున్నాను.

ఏప్రిల్ 23

జయం! "సిట్" అన్నాను, పాలీ కూర్చుంది. "కమ్" అన్నాను, పరిగెత్తుకొచ్చింది. "గో" అన్నాను, వెళ్ళింది. యాస కుదిరింది.

పద్ధతి ఏమిటంటే, దాని ఎదుట నిలబడాలి. చెయ్యి పైకెత్తి సిట్ అనాలి, రెండు చేతులూ చాచి కమ్ అనాలి, వేలు చూపించి గో అనాలి. వెనక నుంచి చెప్తే పట్టించుకోదు. దానిక్కూడా కారణం తట్టింది నాకు. దొరలు ఎదురుగా నిలబడి మాట్లాడితేనే మర్యాద అనుకుంటారు. వెనక నుంచి పిలవడం మన అలవాటు. కుక్క ఎంత మర్యాదలో పెరిగిందో చూడండి!

పరమేశ్వరి గుమ్మంలో నిలబడి చూసింది. సంతోషిస్తుందనుకుంటే కళ్ళు తుడుచుకుంటూ లోపలికెళ్ళిపోయింది. పొయ్యి పొగ కాబోలు.

ఏప్రిల్ 25

పాలీ సావిట్లో పడుకుంటోంది. సావిడి అరుగు కిందే లెక్క.

తల విదిలించడం ఎక్కువైంది. పశువుల డాక్టరు గణపతిరావు గారిని పిలిపించాను. ఆయన దీన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "నేను ఎద్దులకీ గేదెలకీ చూసేవాణ్ణండీ. దీని నాడి ఎక్కడున్నాదో కూడా నాకు అంతు సిక్కడం లేదు" అన్నాడు. చెవుల్లో గుబిలి తీసి, వెచ్చటి నూనె చుక్కలు వెయ్యమన్నాడు. తర్వాత "వినికిడి ఎలగున్నాది?" అని అడిగాడు.

"నాకేం, పాము చెవులు!" అన్నాను.

"మీది కాదండీ, కుక్కది."

"దానికీ దివ్యంగా ఉంది. కావలిస్తే ఇంగ్లీషులో ఏదైనా చెప్పి చూడండి" అన్నాను. పాపం, ఆయనకి దొరల ముందు నోరు లేవదు. కుక్క ముందూ లేవలేదు.

ఏప్రిల్ 29, బుధవారం

కొంప మునిగింది.

పాలీ అరుగు మీద నిద్రపోతోంది. నరసింగరావు ఆఫీసు నుంచి వస్తూ, ముద్దొచ్చిందో ఏమో, వెనక నుంచి వంగి దాని వీపు మీద చెయ్యేశాడు. అది ఉలిక్కిపడి లేచి వాడి బొటనవేలు కొరికింది. రక్తం వచ్చింది. పెద్దగా ఏం కాదు, పాలపళ్ళే. కానీ నరసింగరావు వీధంతా వినబడేలా "పిచ్చికుక్క! పిచ్చికుక్క!" అని కేకలు. ఎండాకాలం, పిచ్చికుక్క. ఆ రెండు మాటలూ కలిస్తే ఎవరికైనా బొడ్డు చుట్టూ సూదులే కళ్ళకి కడతాయి. తలుపులు మూసుకున్నారు. పిల్లల్ని లోపలికి లాక్కున్నారు.

గణపతిరావు గారు మళ్ళీ వచ్చాడు. నీళ్ళు తాగుతోంది, తింటోంది, చొంగ లేదు, పిచ్చి లక్షణాలు కనబడటం లేదు, పది రోజులు కట్టేసి చూడండి అన్నాడు. అక్కడితో ఆపితే బాగుండేది. "పిలిస్తే పలకదంతన్నారు, తల విదిలిస్తాది. మెదడులో ఏదైనా ఉన్నాదేమో తెల్దు" అని కూడా అన్నాడు. నరసింగరావు ఆ ముక్క పట్టుకున్నాడు.

"ఇన్నావా? మెదడులో ఉన్నాదట! మావోళ్ళు వేసంగిలో పిచ్చికుక్కల్ని పట్టుకుపోతన్నారు. దీన్నీ పట్టుకుపోతారు."

పట్టుకుపోయి ఏం చేస్తారో నాకు తెలుసు. నది ఒడ్డున తుపాకీ మోత వారం వారం ఉన్నదే.

నాకు ఒళ్ళు మండింది. "నా కుక్క నీకన్నా బుద్ధిమంతురాలు. గడువు తీరే ఆదివారం నాడు ఈ అరుగు మీద, నలుగురి ముందూ, నేను చెప్పిన మాట చెప్పినట్టు వింటుందని చూపిస్తాను. వినకపోతే నువ్వే తీసుకుపో" అన్నాను.

"మాట మీదుంటావా?"

"నా మాట మాటే."

పరమేశ్వరి తలుపు వెనక నుంచి ఏదో గట్టిగా అంది. తొందరపాటు అని ఉంటుంది. పట్టించుకోలేదు. గెలిచే పందెం కట్టడంలో తొందరపాటేమిటి?

మే 2

తాడు కట్టి స్తంభానికి కట్టేశాను. స్తంభం చాటున ఎవరూ కనబడరు కదా, ఒకటే ఏడుపు. గల్లాపెట్టె అరుగు మీదికి మార్పించాను. గాలి కోసం. ఇప్పుడు నేను కనబడుతూ ఉంటే బేరాలు పూర్తయ్యేదాకా మెదలకుండా కూర్చుంటుంది. గాలి బాగానే ఉంది అక్కడ.

మే 5

సిట్. కమ్. గో. రోజుకి ఎన్నిసార్లో. ఒక్కసారీ తప్పదు. విజయనగరంలో వేరే కొట్టు పెట్టుకున్న మా పెద్దాడు సరుకు కోసం వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నాడు. నేను చెప్తే వాడే ఏనాడూ ఇంత చప్పున వినలేదు.

మే 7

జగన్నాధం బజార్లో ఎదురుపడ్డాడు. దణ్ణం పెట్టకుండా పక్కకి తప్పుకున్నాడు. నేనిచ్చిన పేరు వల్ల మిగతా కొట్లవాళ్ళూ గంటలు తీసుకోవడం లేదట. మంచి కంచు పొయ్యమను, తీసుకుంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడితే ఎలా?

మే 9, శనివారం

పాలీ ఆరోగ్యంగా ఉంది. పెరుగన్నం గిన్నె నాకేసింది. నా కోటు ఇస్త్రీ చేయించాను. రేపు వీధంతా చూస్తుంది. నాకు బెంగేమీ లేదు.

బెంగేమీ లేదు.

మే 10, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నేను తప్ప చదివేవాడు లేడు.

పొద్దున్నే వీధి నిండా జనం. నరసింగరావు కట్టు కట్టుకున్న బొటనవేలు అందరికీ చూపిస్తున్నాడు. వాడి పక్కన మునిసిపాలిటీ మనిషి ఒకడు, చేతిలో ఉరితాడు. నేను కోటు తొడుక్కుని, తలపాగా పెట్టుకుని, పాలీని నా కాళ్ళ దగ్గర నిలబెట్టుకుని అరుగంచున నిలబడ్డాను. నలుగురి ముందు ఎలా నిలబడాలో నాకు తెలుసు. ఓసారి కలెక్టరు దొర సంతకి వచ్చినప్పుడు చూశాను. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఛాతీ విరిచి, మొహం జనం వైపు. అలాగే నిలబడ్డాను.

"పాలీ! సిట్!"

పాలీ జనాన్ని చూస్తూ వణుకుతోంది.

"సిట్!"

నా వంక చూడనైనా లేదు. "కమ్" అన్నాను, "గో" అన్నాను, ఇంగ్లీషు అయిపోయి "కూర్చోవే తల్లీ" అన్నాను. వీధిలో నవ్వులు మొదలయ్యాయి. కోటు లోపల చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నిన్నటిదాకా ఒక్కసారి తప్పని కుక్క!

"సూసినారా? మెదడులేని కుక్క" అన్నాడు నరసింగరావు. ఉరితాడు మనిషికి సైగ చేశాడు. వాడు మెట్టెక్కాడు. పాలీ నా కాలికి అంటుకుపోయింది. దాని గుండె కొట్టుకోవడం నా పిక్కకి తెలుస్తోంది. నా మాట మాటే అన్నాను కదా. ఆ మాట నా గొంతుకే ఉరితాడైంది. ఏం చెయ్యాలో నాకు తోచలేదు. నా జన్మలో నాకేం చెయ్యాలో తోచకపోవడం అదే మొదటిసారి.

అంతలో వీధిలో నవ్వులు ఆగిపోయాయి. ఉరితాడు మనిషి కూడా ఆగాడు. అందరూ నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు. తర్వాత నన్ను చూశారు, పాలీని చూశారు, మళ్ళీ నన్ను. ఏ ఆవో అరుగెక్కిందేమో అనుకున్నాను.

కాళ్ళ కింద పలక దబ్బున అదిరింది.

పాలీ తిరిగింది. నేనూ తిరిగాను. ఇద్దరం ఒక్కసారే తిరిగామట.

వెనక పరమేశ్వరి. పదిమంది మగవాళ్ళ ముందుకి ఏనాడూ రాని మనిషి, కొంగు నడుముకి దోపుకుని నిలబడి ఉంది. చేతిలో నమూనాకి ఉంచిన జగన్నాధం గంట. చెయ్యి ఇంకా ఊపుతూనే ఉంది. గంట నాలుక అటూ ఇటూ కొట్టుకోవడం నా కళ్ళకి కనబడుతోంది.

"నరసింగరావు గారూ, ఇంతసేపూ దీని ఎనక గంట మోగించేను. వీధంతా ఇన్నాది. ఇది తిరిగిందేటి?" అంది. తర్వాత నా మొహంలోకి చూసి, అందరికీ వినబడేలా, ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పింది: "దీనికి పిచ్చి కాదు. సెవుడు."

సెవుడు.

తెలుగు కాదు. సెవుడు. నూతి దగ్గర అరిచింది ఆ మాటే. ఆమదాలవలసలో ధర్మారావు అరిచిందీ ఆ మాటే. సెవుడు బావా, పిలిస్తే రాదు అని ఉంటాడు. ఇంజను మోతలో సెవుడుని నేను తెలుగు చేసుకున్నాను. రాదు ఎలాగూ చివర్లో ఉంది.

అది విన్నది నా ఇంగ్లీషు కాదు. నా చెయ్యి. ఇవాళ ఆ చేతులు కలెక్టరు దొరలా వెనక్కి కట్టుకున్నాను.

నరసింగరావు గడుసువాడు. వాడు చూసింది పాలీని ఒక్కదాన్నే కాదు. మీసం కింద నవ్వుకుంటూ "గంట మోగిందని నేనెలగ ఒప్పుకుంతాను వదినా?" అన్నాడు. ఎదురుగా ఉన్నాడు కాబట్టి నాకు ప్రతి మాటా తెలిసింది. "అది జగన్నాధం గంట. అయన్నీ మూగగంటలని బజారంతా సాటింపేసింది మీ ఆయనే. మోగని గంటకి తిరగకపోతే సెవుడెలగవుతాది? మోగిందని గోవిందరావుని సెప్పమను. ఆయన నోటితో సెప్పమను. కుక్కని వదిలేస్తాను."

వీధంతా నా నోటి వంక చూస్తోంది. మోగిందని చెప్తే, నాకెందుకు వినపడలేదో కూడా చెప్పాలి. చెవితో లోహం తూచే గోవిందరావు. పాము చెవుల గోవిందరావు. కోపం తెచ్చుకుని లోపలికి వెళ్ళిపోవచ్చు, అది నాకు బాగా చేతనవును. పాలీ నా కాలి మీద రెండు కాళ్ళూ వేసి తలెత్తి చూస్తోంది. అది ఎప్పుడూ మనుషుల మొహాలు ఎందుకు చూస్తుందో నాకప్పుడు తెలిసింది.

"మోగింది" అన్నాను. "జగన్నాధం గంట నిక్షేపంలా మోగింది. వినపడనిది నాకు. దీనికీ సెవుడే, నాకూ సెవుడే. గంటకేం లోపం లేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని సిద్ధపడే ఉన్నాను.

నరసింగరావు ఉరితాడు మనిషిని పొమ్మన్నాడు. తను అరుగెక్కి, పరమేశ్వరి చేసినట్టే పలక మీద కాలితో కొట్టాడు. పాలీ చూసింది. వంగి కట్టు కట్టిన వేలు చాచాడు. అది వాసన చూసి, కట్టు నాకింది. "ఎనకనుంచి ముట్టుకున్నాను కదేటి. నన్నెవడైనా నిద్దట్లో అలగ ముట్టుకుంతే నేనూ కరుస్తాను" అన్నాడు.

నేను చెయ్యి పైకెత్తాను. పాలీ కూర్చుంది. వీధంతా చప్పట్లు కొట్టారు. అవి మాత్రం నాకు కొంచెం వినిపించాయి.

మే 11

పొద్దున్నే బండి కట్టించుకుని బుడితి వెళ్ళాను. జగన్నాధం కొలిమి ముందు నిలబడి, తిప్పి పంపిన గంటలన్నీ తెచ్చెయ్యమన్నాను. బజారులో అందరికీ నేనే చెప్తానన్నాను. వాడు నా కళ్ళలోకి చూసి, గట్టిగా కాదు, నిదానంగా మాట్లాడాడు.

"మా అయ్యకీ అంతే సావుకారు బాబూ. సుత్తి కాడ కూకున్నోడికి సెవి ఉంతాదేటి? తవరికి తెలిసే అంతన్నారనుకున్నాను. అదే బాధనిపించినాది."

సన్నగొంతు గంటలు ఇకనుంచి పరమేశ్వరి విని చూస్తుంది. బొంగురుగా మోగే బిందెలూ గంగాళాలూ నావే. వాటిల్లో నన్ను మించినవాడు ఇప్పటికీ లేడు.

సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. పాలీ నా పాదానికి వీపు ఆనించుకుంది. ఈసారి కాలు నేనే దాని దగ్గరికి జరిపాను. పరమేశ్వరి నా ముందుకొచ్చి కూర్చుంది.

"నూతి కాడ సెప్తే, అదే కదా నేను సెప్తున్నదన్నారు. తెలిసీ దానికి ఇంగ్లీసు నేర్పుతన్నారనుకున్నాను. సెవిటిదానికి సదువేటని నాకు ఏడుపొచ్చేది. ఆ మాట మీ మొహమ్మీద మళ్ళీ ఎలగ అనను?" అంది.

"నా సంగతి నీకెప్పట్నుంచి తెలుసు?"

"పెద్దాడు పుట్టినప్పట్నుంచి. ఉయ్యాల్లో గుక్కపట్టి ఏడస్తంటే, పక్కనే కూకుని పద్దులు రాసుకుంతన్నారు. ఎంత రాతిగుండె అనుకున్నాను. కోపమొచ్చి మీకు ఎనకనుంచి తప్ప మాట సెప్పలేదు రెండ్రోజులు. నాకు కోపమని కూడా మీకు తెల్దు. అప్పుడు తెలిసింది."

మా మేనత్త గుర్తొచ్చింది. మగాడి మొహంలోకి చూసి మాట్లాడుతుందని పదిమందిలో ఆవిడ అన్న మాటలు, తల వంచుకుని విన్న ఈవిడ. నేను పెద్దమనసుతో ఊరుకున్నానని రాసుకున్నాను ఈ పుస్తకంలోనే.

"అత్త అన్నేసి మాటలంటుంటే ఎందుకు చెప్పలేదే, నా కోసమని?" అన్నాను.

"సెప్తే సావుకారుకి సెవుడని బజారంతా తెలుస్తాది. నాకు సిగ్గు లేదనుకుంతే పోయిందేటి?" అంది.

ఎదురుగా కూర్చుని, నా మొహంలోకి చూసి చెప్పింది కాబట్టి, ఒక్క అక్షరం కూడా పోకుండా విన్నాను.